రెండు పరుగుల మధ్య రోజుల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మారథాన్ ముగించిన రెండు మూడు వారాలకే కొండదారుల్లో 50, 80, 100 కిలోమీటర్లు పరుగెత్తినవారి వార్తలు పత్రికల్లో తరచుగా చూస్తున్నాం. ఫొటోలో పతకం, దాని కింద పట్టుదల గురించి నాలుగు మాటలు. మొదటి పరుగుకూ రెండో పరుగుకూ నడుమ ఆ మనిషి ఏం చేశారు, ఏం మానుకున్నారు అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. పట్టుదల లేనివాళ్లు అసలు అల్ట్రాకు, అంటే మారథాన్‌ను మించిన దూరపు పరుగుకు, పేరే ఇవ్వరు. సగం దారిలో కుంటుతూ ఆగిపోయినవారికీ అది నిండుగానే ఉంటుంది. ఇద్దరికీ తేడా పడేది ఆ మధ్య రోజుల్లోనే. వార్త చదివి ఉత్సాహంతో తామూ పేరు నమోదు చేసుకునే పాఠకులు ఉంటారు కాబట్టి, దూరపు పరుగులకు శిక్షణ ఇచ్చే కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

వెంటవెంటనే రెండు పరుగులు కుదరవని మేము అనడం లేదు. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్, వెర్మాంట్, లెడ్‌విల్, వాసాచ్ ఫ్రంట్ అనే నాలుగు వంద మైళ్ల (సుమారు 160 కిలోమీటర్ల) పరుగులను ఒకే ఏడాది పూర్తిచేసినవారిని ‘గ్రాండ్ స్లామ్’ సాధించినట్టు లెక్కిస్తారు. జూన్ చివర్లో మొదలై సెప్టెంబరులో ముగుస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూడు నుంచి ఐదు వారాలే వ్యవధి. అయినా పూర్తిచేసేవారు ఉన్నారు. వారికి ఏళ్ల తరబడి పోగుపడిన సాధన ఉంటుంది, అది ఒక కారణం. రెండో కారణం, ఆ మూడు వారాల్లో వారు సాధన పేరుతో ఏమీ చేయరు. కోలుకోవడమే పనిగా పెట్టుకుంటారు. కొత్తగా చేసిన కసరత్తు ఒంటికి బలంగా మారాలంటే కనీసం పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి మూడు వారాల వ్యవధిలో ఎంత చెమటోడ్చినా రెండో పరుగుకు అందేది దాదాపు ఏమీ ఉండదు, అలసట తప్ప.

ముందు దెబ్బతిన్నదేమిటో తెలియాలి. ఒంట్లో అన్నీ ఒకే వేగంతో మానవు, చిక్కంతా అక్కడే ఉంది.

తొడ కండరాల సంగతి చూడండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కానీ కండరానికి పెద్ద నష్టం ఉండదు. నష్టమంతా దిగేటప్పుడే. దిగుడులో పాదం నేలను తాకగానే మోకాలు వంగుతుంది. అది పూర్తిగా కుంగిపోకుండా తొడ ముందరి కండరం బిగపట్టాలి. అంటే అది ఒకవైపు బిగుస్తూనే ఇంకోవైపు సాగుతుంది. ఇలా సాగుతూ బిగవడంలోనే లోపలి సన్నని పోగులు చెదురుతాయి. 1,000 మీటర్ల దిగుడులో ఇలాంటి కుదుపులు వేలల్లో ఉంటాయి. వెస్టర్న్ స్టేట్స్‌లో ఎక్కుడు సుమారు 5,500 మీటర్లయితే దిగుడు సుమారు 7,000 మీటర్లు. అక్కడ చాలామంది రెండో సగంలో చతికిలబడేది ఊపిరి చాలక కాదు, తొడలు పట్టు వదిలేసి.

పోగులు చెదిరినప్పుడు కండరంలోని క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము రక్తంలోకి కారుతుంది. పరుగు తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో అది పతాక స్థాయికి చేరి, తగ్గడానికి వారం పైనే తీసుకుంటుంది. నొప్పి కూడా రెండో మూడో రోజున ఎక్కువగా ఉండి ఐదో రోజుకు మాయమవుతుంది. పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. నొప్పి పోయింది కదా అని ఆరో రోజున బూట్లు కట్టేస్తారు. నొప్పి పోయాక కూడా కండరానికి పూర్తి బలం తిరిగి రావడానికి ఇంకా రోజులు, ఒక్కోసారి వారాలు కావాలి. చదును నేలమీద ఆ లోటు తెలియదు. రెండో పరుగులో మొదటి పొడవైన దిగుడు రాగానే తెలుస్తుంది.

ఇందులో ఒక మేలు కూడా ఉంది, చాలామంది దాన్ని వాడుకోరు. ఒకసారి దిగుడు దెబ్బ తిన్న కండరం కోలుకున్నాక అదే రకం దెబ్బను కొన్ని వారాల పాటు మరింత బాగా తట్టుకుంటుంది. కాబట్టి మొదటి పరుగు కూడా కొండదారిదే అయితే రెండో దానికి తొడలు కొంత సిద్ధమై ఉంటాయి. మొదటిది చదును రోడ్డు మీది మారథాన్ అయితే అలసట మిగులుతుందే గానీ దిగుడుకు కావలసిన ఆ రక్షణ అంతగా దొరకదు. రోడ్డు మారథాన్ బాగా పరుగెత్తిన ధీమాతో రెండు వారాలకే కొండెక్కేవారు దెబ్బతినడానికి ఇదే ముఖ్య కారణం.

కండరాల్లో దాచుకున్న ఇంధనం, అంటే గ్లైకోజెన్, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది. పోగులు దెబ్బతిన్నప్పుడు అవి చక్కెరను సరిగా పీల్చుకోలేవు కాబట్టి వారం దాకా పట్టవచ్చు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు రక్తప్రసరణ తక్కువ, అందుకే అవి కండరాల కంటే నెమ్మదిగా కోలుకుంటాయి. ఎముక తీరు ఇంకా వేరు. ఒత్తిడి పడిన చోట ఎముక ముందు పాత భాగాన్ని తొలిచి తర్వాత కొత్తది పూడుస్తుంది. తొలవడం వారాల్లో అయిపోతుంది, గట్టిగా పూడ్చడానికి నెలలు పడుతుంది. ఆ నడుమ కాలంలో ఆ చోటు బలహీనంగా ఉంటుంది. మూడు నాలుగు వారాల తర్వాత ఎందుకో తెలియకుండా పాదం మీదో ముంగాలి ఎముక మీదో ఒక బిందువు దగ్గర నొప్పి మొదలయ్యేది అందుకే. తొడలు బాగున్నాయి, ఊపిరి బాగుంది, ఎముక మాత్రం సిద్ధంగా లేదు.

ఇప్పుడు మధ్య రోజుల లెక్క. మూడు వారాల వ్యవధి అనుకుందాం, ఎక్కువమందికి ఎదురయ్యేది అదే.

మొదటి పరుగు ముగింపు గీత దాటిన నాలుగు గంటల్లోపు తిండి ముఖ్యం. ఆకలి లేకపోయినా, ఒంటి బరువులో కిలోకు గంటకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం తీసుకోవాలి. 60 కిలోల మనిషికి గంటకు 60 గ్రాములు. దాంతోపాటు 20 నుంచి 40 గ్రాముల మాంసకృత్తులు. ఆ తర్వాత రోజుల్లో మాంసకృత్తులు రోజుకు కిలోకు 1.6 గ్రాముల దాకా ఉంటే పోగుల మరమ్మతుకు సరిపోతుంది. బరువు తగ్గడానికి ఇది సమయం కాదు. ఈ మూడు వారాల్లో తిండి తగ్గించినవారు రెండో పరుగుకు బక్కచిక్కి వస్తారు, బలంగా రారు.

మొదటి మూడు రోజులు పరుగు వద్దు. 20, 30 నిమిషాల నడక చాలు. గట్టిగా పిసికే మసాజ్, నొప్పి ఉన్న కండరాన్ని లాగి సాగదీయడం రెండూ వద్దు, చెదిరిన పోగులను అవి మళ్లీ చెదరగొడతాయి. చల్లని నీళ్లలో పది నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది, అంతవరకే. దానివల్ల పోగులు త్వరగా అతుక్కుంటాయని ఆశపడకండి. నిద్ర అన్నిటికంటే ముఖ్యం. పరుగు రాత్రి ఒళ్లు నొప్పులతో నిద్ర పట్టకపోవడం మామూలే. తర్వాత రెండు మూడు రాత్రులు మాత్రం గంట ముందే పడుకోవాలి. ఈ రోజుల్లోనే జలుబు, గొంతునొప్పి కూడా వస్తుంటాయి కాబట్టి జనం గుంపుల్లో తిరగకుండా ఉంటే మంచిది.

నాలుగో రోజు నుంచి ఏడో రోజు వరకు నడక, ఈత, సైకిల్, రోజుకు అరగంట నుంచి 40 నిమిషాలు. హాయిగా మాట్లాడుకుంటూ చేయగలిగినంత తేలిగ్గా చేయాలి. ఏడో రోజున మూడు పరీక్షలు పెట్టుకోండి. రెండంతస్తుల మెట్లు కమ్మీ పట్టుకోకుండా, ముఖం ముందుకే ఉంచి నెమ్మదిగా దిగండి. పరుగు మర్నాడు పక్కకు తిరిగి కమ్మీకి వేలాడుతూ దిగిన అవే మెట్లు ఇప్పుడు ఒక్కో మెట్టు మీదా ఒక క్షణం ఆగి దిగాలి. మోకాలు వణికినా, చివరి అంగుళంలో పాదం ధప్పున పడినా తొడ ఇంకా సిద్ధంగా లేనట్టే. రెండోది, ఒంటికాలి మీద పదిసార్లు గెంతడం. నొప్పి ఒక్క చోటనే, వేలితో చూపించగలిగేలా వస్తే ఆపేసి వైద్యుడికి చూపించాలి. మూడోది, పొద్దున్న లేవగానే పడక మీదే నాడి లెక్క. ఎప్పుడూ ఉండేదానికంటే ఐదారు ఎక్కువగా వరుసగా మూడు రోజులు ఉంటే ఇంకో రెండు రోజులు విశ్రాంతి.

పరీక్షల్లో నెగ్గితే రెండో వారంలో రోజు విడిచి రోజు 30 నుంచి 45 నిమిషాల తేలిక పరుగు, వీలైతే మెత్తని మట్టిదారిలో. పదో రోజు దగ్గర ఒక్కసారి మాత్రం చిన్న దిగుడు సాధన చేయవచ్చు. మొత్తం 150, 200 మీటర్ల దిగుడు మించకూడదు. చిన్న అడుగులు, మెత్తని పాదం, మర్నాడు తొడలు కొద్దిగా గుర్తుచేస్తే చాలు. రెండో పరుగుకు ఎనిమిది రోజుల లోపు దిగుడు సాధన అసలు ముట్టుకోకూడదు. దాని నొప్పి పోయేసరికి పరుగు రోజు వచ్చేస్తుంది. మూడో వారంలో 20, 30 నిమిషాల పరుగులు మూడు, చివర్లో ఒకటి రెండు సార్లు పది సెకన్ల చురుకైన అడుగులు. అంతే.

మధ్యలో ఒక్కటైనా మూడు గంటల దూరపు పరుగు ఉండాలి కదా అని అడిగేవారు చాలామంది. వద్దు. మొదటి పరుగే ఆ దూరపు పరుగు. రెండో వారాంతంలో నమ్మకం కోసం చేసే 25, 30 కిలోమీటర్లు ఒంటికి ఏమీ ఇవ్వవు. అప్పుడప్పుడే అతుక్కుంటున్న పోగుల మీద, తొలిచి ఇంకా పూడని ఎముక మీద పడే బరువు మాత్రం నిజం. వరుస పరుగుల మధ్య జరిగే తప్పుల్లో ఇదే పెద్దదని మా అభిప్రాయం. ఒంటికి సాధన కావాలని కాదు, మనసుకు ధైర్యం కావాలని చేసే పని అది.

వ్యవధి వారమే అయితే రెండింటినీ కలిపి ఒకటే పరుగుగా చూడాలి. వారం మధ్యలో 20 నిమిషాల కదలిక ఒకటి రెండుసార్లు, మిగతాదంతా తిండి, నిద్ర. మొదటిదాన్ని చేతనైన వేగం కంటే పది పదిహేను శాతం నెమ్మదిగా, పెద్ద దిగుళ్లన్నీ నడుస్తూ ముగించాలి. ఈ నిర్ణయం మొదటి పరుగు మొదలుపెట్టక ముందే జరగాలి. మొదటిదాంట్లో సొంత రికార్డు కొట్టి, అదే వారంలో రెండోదాన్ని కూడా బాగా చేద్దామనుకునేవారికి ఒకటే చెబుతాం: రెండిట్లో ఒకటి ఎంచుకోండి. మా అంచనాలో మారథాన్ తర్వాత 50 కిలోమీటర్ల కొండదారికి అనుభవం ఉన్నవారికి మూడు వారాలు, 50 తర్వాత 100 కిలోమీటర్లకు నాలుగు నుంచి ఆరు వారాలు, వంద మైళ్ల తర్వాత దేనికైనా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉండాలి. తొలి మారథాన్, తొలి అల్ట్రా రెండూ ఒకే నెలలో ఎవరికీ వద్దు.

రెండో పరుగుకు పేరు ఇచ్చే ముందు కాగితం మీద ఒక లెక్క వేయాలి. అంతర్జాతీయ ట్రెయిల్ (కొండదారి) పరుగుల సంఘం వాడే పద్ధతి సులువైనది. ప్రతి 100 మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరుగా దూరానికి కలపడమే. 50 కిలోమీటర్ల దారిలో 2,500 మీటర్ల ఎక్కుడు ఉంటే అది 75 కిలోమీటర్ల శ్రమ. చదునులో 50 కిలోమీటర్లు ఆరు గంటల్లో చేసే మనిషికి ఇది తొమ్మిది గంటలు. అలసిన కాళ్లకు ఇంకో పది శాతం కలిపితే దాదాపు పది గంటలు. రాళ్లు, బురద, చీకటి ఇందులో లేవు. ఇప్పుడు కటాఫ్ సమయాలు, అంటే ఒక్కో చోటికి చేరాల్సిన గడువులు, చూడండి. చివరి కటాఫ్ ఒక్కటే కాదు, దారి మధ్యలో నీళ్లు, తిండి అందించే స్టేషన్లవి కూడా. పెద్ద ఎక్కుడు తర్వాత వచ్చే మొదటి కటాఫ్ ఒక్కోసారి అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. లెక్కకూ కటాఫ్‌కూ మధ్య కనీసం గంట వెసులుబాటు లేకపోతే ఆ పరుగు వదిలేయడం మంచిది. కటాఫ్ తరుముతుంటే దిగుడులో దూకుతారు, అదే తొడల్ని ముంచుతుంది.

పరుగు రోజున గుండె వేగం చూపే గడియారాన్ని మరీ నమ్మకూడదు. అలసిన ఒంట్లో ఒకే శ్రమకు నాడి ఒక్కోసారి ఎక్కువగా, ఒక్కోసారి మామూలుకంటే తక్కువగా కొడుతుంది. ఊపిరినే కొలతగా పెట్టుకోండి. మొదటి మూడోవంతు దారిలో పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. నిటారు ఎక్కుళ్లు నడవాలి, చేతులు తొడల మీద ఆనించి గానీ పోల్స్ (చేతికర్రలు) ఊతంతో గానీ. నిటారు వాలులో నడకకు, పరుగుకు వేగంలో తేడా చాలా తక్కువ, ఖర్చయ్యే శక్తిలో తేడా ఎక్కువ.

దిగుడులో నియమం ఒక్కటే: అడుగు పొడవు తగ్గించు, అడుగుల సంఖ్య పెంచు. పాదం ఒంటి కింద పడాలి, ముందుకు చాచి మడమ మీద పడకూడదు. వెనక్కి వాలి బ్రేకు వేసినట్టు దిగేవారికి తొడలు ముందు పోతాయి. చూపు మూడు నాలుగు అడుగుల ముందు ఉండాలి, కాలి కింద కాదు. మొదటి దిగుడు ఎంత తేలిగ్గా అనిపించినా నెమ్మదిగా దిగండి. తాజా కాళ్లకు అది ఊరికే వచ్చిన వేగం లాగా కనిపిస్తుంది. రెండో పరుగులో దాని బాకీ 30వ కిలోమీటరు దగ్గర తీర్చాల్సి వస్తుంది.

తిండి మొదటి అరగంట నుంచే మొదలవ్వాలి, గంటకు 60 గ్రాముల పిండిపదార్థం. జెల్ (చిన్న పొట్లంలో వచ్చే చిక్కని తీపి పాకం) ఒకదానిలో సాధారణంగా 20, 25 గ్రాములు ఉంటుంది, పొట్లం మీద చూసి లెక్కపెట్టుకోండి. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగు గంటకు సుమారు 60 గ్రాములకు మించి లాక్కోలేదు. ఫ్రక్టోజ్ వేరే దారిలో వెళ్తుంది కాబట్టి రెండూ కలిసిన మిశ్రమంతో 90 దాకా వెళ్లవచ్చు, అదీ ముందే అలవాటు చేసుకున్న కడుపుకే. కడుపు తిప్పితే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి: వేగం ఎక్కువ, పానీయం మరీ చిక్కన, ఎండ. మూడింటికీ మందు ఒకటే. పదిహేను నిమిషాలు నడవండి, ఉత్త నీళ్లు గుక్క గుక్కగా తాగండి, ఒంటిని చల్లబరచండి, తర్వాత చిన్న మోతాదుతో మళ్లీ మొదలుపెట్టండి. తిండి పూర్తిగా మానేస్తే గంటన్నరలో కాళ్లు ఆగిపోతాయి.

నీళ్లు దాహం మేరకు తాగాలి. ప్రతి స్టేషన్‌లో కడుపు నిండా నీళ్లు పట్టించడం ప్రమాదం. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే తలనొప్పి, వాంతి, వేళ్ల వాపు, ఉంగరం బిగుసుకుపోవడం, మాట తడబాటు మొదలవుతాయి, ముదిరితే ప్రాణం మీదకు వస్తుంది. పరుగు మధ్యలో బరువు పెరిగితే అది ఎక్కువ నీళ్లు తాగిన గుర్తు. అలాంటి మనిషి నీరసంగా కనిపించాడని ఇంకా నీళ్లు తాగించకూడదు. నేరుగా వైద్య శిబిరానికి తీసుకెళ్లాలి.

నొప్పి మాత్రల గురించి గట్టిగా చెప్పాలి. ఇబుప్రోఫెన్ లాంటివి పరుగుకు ముందూ వద్దు, మధ్యలోనూ వద్దు. 80 కిలోమీటర్ల అల్ట్రా పరుగెత్తినవారి మీద చేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇబుప్రోఫెన్ వేసుకున్నవారిలో 52 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 34 శాతానికి మూత్రపిండాల మీద అప్పటికప్పుడు దెబ్బ కనిపించింది. వరుస పరుగుల్లో ఇంకో బరువు తోడవుతుంది. చెదిరిన కండరం నుంచి వచ్చే మయోగ్లోబిన్ అనే మాంసకృత్తును వడకట్టాల్సిందీ ఆ మూత్రపిండాలే. మూత్రం ముదురు గోధుమ రంగులో, కోలా రంగులో వస్తే అక్కడితో పరుగు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఒంట్లో నీళ్లు తగ్గాయిలే అని సర్దిచెప్పుకుని నడిచే విషయం కాదది.

పాదాల గురించి ఎవరూ రాయరు, పరుగు ఆగిపోయేది మాత్రం చాలాసార్లు వాటివల్లే. మొదటి పరుగులో నల్లబడిన బొటనవేలి గోరు మూడు వారాలకు సగం ఊడి, మూలన ఒక అంచు మాత్రం చర్మానికి పట్టుకుని ఉంటుంది. దాన్ని లాగేయకూడదు, వదిలేయకూడదు. లేచిన భాగాన్ని గోరు కత్తెరతో చదునుగా కత్తిరించి, అంచును సన్నగా అరగదీసి, పరుగు ముందురోజు రాత్రి మెత్తని టేపు ఒక చుట్టు వేయాలి. గోళ్లన్నీ నాలుగైదు రోజుల ముందే కత్తిరించుకోవాలి. ముందురోజు కత్తిరిస్తే పదునైన అంచు పక్కవేలిని కోస్తుంది. మానిన పొక్కు మీది కొత్త చర్మం గులాబి రంగులో పలుచగా ఉంటుంది, కాలు పొడిగా ఉన్నప్పుడు ముందుగానే దానికి టేపు వేయాలి. తడిసిన కాలికి టేపు అంటదు, మడతపడి ఇంకో పొక్కు లేపుతుంది. టేపు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవవు. బూటులో బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. పై కన్నాల్లో తాడును ఉచ్చులా దూర్చి మడమ దగ్గర బిగిస్తే దిగుడులో పాదం ముందుకు జారి గోళ్లు కొట్టుకోకుండా ఉంటుంది.

సామాను గురించి ఒక్క ముక్క. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పరుగులో ఉన్నట్టుండి వాన, వడగళ్లు, ఈదురుగాలి కమ్ముకుని 21 మంది చలికి ప్రాణాలు కోల్పోయారు. అలసి నెమ్మదించిన ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, అందుకే రెండో పరుగులో చలి త్వరగా పట్టేస్తుంది. నీళ్లు దిగని టోపీ జాకెట్, రేకు దుప్పటి, ఈల, హెడ్‌ల్యాంప్, అదనపు బ్యాటరీ బరువని తీసేయకూడదు, నిర్వాహకులు అడగకపోయినా సరే.

ఎప్పుడు ఆగాలి అన్నది నొప్పి తీరే చెబుతుంది. రెండు కాళ్లలోనూ, విశాలంగా, మొద్దుగా ఉండే నొప్పి కండరాలది, దానితో జాగ్రత్తగా సాగవచ్చు. ఒకే కాలిలో, ఒకే చోట, అడుగడుగుకూ పెరిగే నొప్పి ఎముకదో స్నాయువుదో అయి ఉంటుంది. నడక తీరు మారి కుంటడం మొదలైతే తర్వాతి స్టేషన్‌లోనే బిబ్ (ఛాతీకి పెట్టుకునే పోటీ నంబరు) అప్పగించేయాలి. పరుగు రోజు పొద్దున జ్వరం ఉన్నా, వారంగా నిద్ర పట్టకపోయినా, మెట్ల పరీక్షలో ఓడినా మొదలే పెట్టకూడదు.

ఇక్కడ నిర్వాహకులకు ఒక మనవి. చాలామంది గాయంతోనే ప్రారంభ గీత దగ్గరికి రావడానికి కారణం కట్టిన రుసుము. వారం ముందు దాకా పేరును వచ్చే ఏటికి మార్చుకునే వీలు కల్పిస్తే అందులో సగం మంది ఇంటి దగ్గరే ఆగుతారని మా నమ్మకం. దరఖాస్తులో ‘చివరిగా పరుగెత్తిన పోటీ, తేదీ, దూరం’ అని ఒక గడి పెట్టండి. నాలుగు వారాల లోపు తేదీ రాసినవారి బిబ్ మీద చిన్న గుర్తు వేస్తే చాలు, వైద్య శిబిరంలో ఉన్నవారికి మూత్రం రంగు, మాట తడబాటు గురించి ఒక ప్రశ్న ఎక్కువ అడగాలని తెలుస్తుంది.

మీకూ ఒక మనవి. ఇలాంటి వార్త వేసేటప్పుడు నాలుగు అంకెలు చేర్చండి: రెండు పరుగుల మధ్య ఎన్ని రోజులు, ఎక్కుడు దిగుడు ఎన్ని మీటర్లు, ఆ మధ్యలో మొత్తం ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారు, అంతకుముందు ఎన్నేళ్ల సాధన ఉంది. ఒక్క వాక్యంలో పట్టేస్తాయి. ‘ఎనిమిదేళ్లుగా పరుగెత్తుతున్న ఆమె, మారథాన్ తర్వాత 21 రోజుల్లో మొత్తం 40 కిలోమీటర్లే పరుగెత్తి, 2,500 మీటర్ల ఎక్కుడు దిగుడు ఉన్న 50 కిలోమీటర్ల దారిని పది గంటల్లో ముగించారు’ అని రాస్తే, మొదటి ఏడాది పరుగెత్తుతున్న పాఠకుడు తనకూ ఆమెకూ మధ్య ఉన్న దూరం ఎంతో లెక్కేసుకోగలడు.

ఇట్లు,
దూరపు పరుగుల శిక్షకులు కొందరు